ఉద్దానం అంటే మాకు తోట

సంపాదకులకు నమస్కారం.

పోయిన నెలలో మీ పత్రిక శ్రీకాకుళం జిల్లాలోని మా ఉద్దానం గురించి, అక్కడి కిడ్నీ జబ్బు గురించి పేజీ నిండా కథనం వేసింది. రాసినవారు ఊళ్లు తిరిగారు, ఇళ్లల్లో కూర్చున్నారు, జబ్బుపడినవాళ్లు చెప్పింది చెప్పినట్టు రాశారు. అందులో నేను తప్పుపట్టేది ఏమీ లేదు. దానితోపాటు వేసిన ఫొటో చూశాకే ఈ ఉత్తరం రాయాలనిపించింది. ఒక ముసలావిడ గుమ్మంలో కూర్చుని, ప్లాస్టిక్ సంచిలోంచి తీసిన ఆసుపత్రి కాగితాలను ఒళ్లో పరచుకుంది. ఆమె భుజం వెనకాల, ఫొటో అంచున, సగం తెగిపోయి ఒక పనసచెట్టు మొదలు కనిపిస్తోంది. నేలకు మూరెడు ఎత్తులోనే రెండు కాయలు వేలాడుతున్నాయి. పెద్దదాని ముళ్లు ఎడమై చదునుబడ్డాయి, అంటే కోతకు వచ్చిందన్నమాట. పేజీ మొత్తంలో ఆ చెట్టు గురించి ఒక్క ముక్క లేదు. ఆ ముక్క నేను చెబుతాను.

నాకు అరవై రెండేళ్లు. పుట్టింది కవిటి దగ్గర ఒక చిన్న ఊళ్లో. పెళ్లయి విశాఖపట్నం వచ్చి నలభై ఏళ్లు దాటింది. మీదే ఊరని ఎవరైనా అడిగితే ఒకప్పుడు ‘ఉద్దానం’ అని గొప్పగా చెప్పుకునేదాన్ని. ఉద్యానం అన్న మాటే నోళ్లలో నలిగి ఉద్దానం అయిందని మా తాత చెప్పేవాడు. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస... ఒక పక్క సముద్రం, మరో పక్క దూరంగా నీలంగా మహేంద్రగిరి, మధ్యలో ఎటు చూసినా కొబ్బరి, జీడి, పనస, మామిడి. ఊరు ఎక్కడ అయిపోయిందో తోట ఎక్కడ మొదలైందో చిన్నప్పుడు మాకు తెలిసేది కాదు. ఇళ్లే తోటలో ఉండేవి.

నేల అంతా ఇసుక. ఎంత వాన కురిసినా గంటలో తాగేసేది. వేసవి మధ్యాహ్నాల్లో మాత్రం కాలు పెట్టనిచ్చేది కాదు. చెప్పులు లేని పిల్లలం చేతిలో ఒక జీడికొమ్మ పట్టుకుని ఒక చెట్టు నీడ నుంచి ఇంకో చెట్టు నీడకు పరుగు తీసేవాళ్లం. నీడ దూరమై కాలు కాలితే కొమ్మను కింద పడేసి, ఆ ఆకుల మీద నిలబడి ఊపిరి తీసుకుని, మళ్లీ పరుగు. సూటిగా వెళ్తే అయిదు నిమిషాల దారి మాకు పావుగంట పట్టేది.

మా తోటలో పనసచెట్లు పదకొండు. ప్రతిదానికీ పేరుండేది. బావి పక్కది బావి పనస. దాని తొనలు గట్టిగా, కొరికితే కరకరలాడేవి. తేనె పనస తొన నోట్లో వేసుకుంటే జారిపోయేది, కానీ అది ఏడాది విడిచి ఏడాదే కాసేది. ఇంకొక చెట్టు పేరు పెద్దత్త. మా తాత అక్కగారు చిన్నతనంలో నాటిన చెట్టు అది. ఆవిడ కాపురం బరంపురం వైపు. ఏటా ఆ చెట్టు మొదటి కాయ ఆవిడకే వెళ్లాలి. గోనెసంచిలో చుట్టి, ఆ వైపు వెళ్లే మనిషి ఎవరైతే వాళ్ల చేతికి ఇచ్చేవారు. చేరిందా లేదా అని ఎవరూ అడిగేవారు కాదు. చేరేది.

కాయ కొయ్యడం మా నాయనమ్మ పని. ఇంకెవరినీ కత్తి ముట్టుకోనిచ్చేది కాదు. ముందు రోజు సాయంత్రం తాత కాయను వేళ్లతో తట్టి చూసేవాడు. పచ్చికాయ గట్టిగా పలుకుతుంది, పండుతున్న కాయ బొంగురుగా పలుకుతుంది. ఆ తేడా వినడం మాకూ నేర్పాడు. మర్నాడు పెరట్లో పాత గోనె పరిచి, నాయనమ్మ మోచేతుల దాకా కొబ్బరినూనె రాసుకునేది. కత్తికీ రాసేది. మొదటి గాటుకే తెల్లటి పాలు కారేవి. వాటిని కొబ్బరిపీచు ఉండతో అద్ది అద్ది తీసేది. ఆ జిగురును మేము పుల్లకు చుట్టుకుని ఆడుకునేవాళ్లం. జుట్టుకు అంటుకుంటే మాత్రం కత్తిరించుకోవడం తప్ప గత్యంతరం లేదు, మా అప్ప జడ ఒక వేసవిలో అలాగే పొట్టిదైపోయింది. కాయ రెండు చెక్కలయ్యాక నాయనమ్మ ఒక్కో తొననూ పీచులోంచి విడదీసి, పిక్క తీసి, సత్తు పళ్లెంలో పేర్చేది. ఆవిడ లెక్క ఒకటే. వాసన ఏ ఇంటి దాకా వెళ్తే ఆ ఇంటికి తొనలు వెళ్లాలి. గాలి ఎటు వీస్తోందో చూసి మరీ గిన్నెలు లెక్కపెట్టేది. సముద్రపు గాలి తిరిగిన రోజున పడమటి వీధి పిల్లలకు పండగ. పిక్కలు పొయ్యి బూడిదలో కాల్చుకోవడానికి, తొక్కలు ఆవులకు. గోనె దులిపితే నేల మీద పడేది ఏమీ ఉండేది కాదు.

జీడి వేరే సంగతి. ఎండలు ముదిరే వేళకు చెట్ల కింద ఎర్రవీ పసుపువీ పళ్లు రాలి ఉండేవి. పిక్కను మెలితిప్పి తీసి బుట్టలో వేసి, పండు పిండుకుని తాగేవాళ్లం. రసం బట్ట మీద పడితే ఆ మరక ఎన్ని ఉతుకులకూ పోదు. అందుకని జీడికాలంలో మాకు రెండే గౌన్లు, వేసవంతా అవే. పెద్దవాళ్ల కంట పడకుండా తోట చివర చిల్లుల రేకు మీద పచ్చిపిక్కలు కాల్చుకునేవాళ్లం. పిక్కల్లోంచి నూనె చిమ్మి భగ్గుమని మంట లేచేది. ఇసుక పోసి ఆర్పి, రాయితో కొట్టి పప్పు తీసుకునేవాళ్లం. ఆ జీడినూనె పెదవికి తగిలితే పుండే. ఆ పుండ్లను చూసి నాయనమ్మ తిట్టి, వెన్న రాసేది. పలాసలో జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ల వేళ్లు ఏడాది పొడవునా నల్లగానే ఉంటాయి. చేతులకు నూనె, బూడిద పట్టించుకుని కూర్చుంటారు. పాయసంలో జీడిపప్పు కనిపించినప్పుడల్లా నాకు ఆ వేళ్లు గుర్తుకొస్తాయి.

మాకు పట్నం అంటే సోంపేట. సోంపేట అని పేరున్న రైల్వే స్టేషను ఉన్నది మాత్రం కంచిలిలో. కొత్తగా వచ్చినవాళ్లు తికమకపడితే మా బస్సు కండక్టరే వాళ్లకు దారి చెప్పేవాడు. ఆ కండక్టరు బస్సులో మనుషులనే కాదు, కారియర్లనూ, మందులనూ, పెళ్లి కబుర్లనూ మోసేవాడు. నెలలు నిండిన ఆడమనిషి ఆసుపత్రికి వెళ్లాలంటే బస్సు ఆ ఇంటి ముందు ఆగేది. లోపల కూర్చున్నవాళ్లు ఒక్కరూ విసుక్కునేవారు కాదు.

బజారులో మా అమ్మ కూరగాయల ఆవిడతో ఒడియాలో, గుడ్డల కొట్టు ఆయనతో తెలుగులో, ఉప్పు అమ్మేవాడితో రెండూ కలిపి బేరమాడేది. ఎనిమిదేళ్లు వచ్చేదాకా అవి రెండు భాషలని నాకు తెలియదు. ఒకటి ఇంటి మాట, ఒకటి బజారు మాట అనుకునేదాన్ని. తాత ట్రంకుపెట్టెలో పాత దస్తావేజులు ఉండేవి. వాటి మీద ‘గంజాం జిల్లా’ అని ఉండేది. 1936లో ఒరిస్సా ఏర్పడినప్పుడు మా ప్రాంతం విశాఖపట్నం జిల్లాలో కలిసింది. 1950లో శ్రీకాకుళం జిల్లా వచ్చింది. తన తోట కంచె దాటకుండానే మూడు జిల్లాల్లో బతికానని తాత అనేవాడు.

ఏడేళ్లప్పుడు సోంపేట బజారులో నేను తప్పిపోయాను. సంక్రాంతి ముందు రోజులు, మనిషి మీద మనిషి. అమ్మ చీర కుచ్చెళ్లు పట్టుకున్నదాన్ని రంగుల గాజులు చూస్తూ వదిలేశాను. తలెత్తితే అమ్మ లేదు. ఏడుస్తూ నిలబడితే ఇత్తడి బిందెలు అమ్మే పెద్దాయన ఒకరు చెయ్యిపట్టి తీసుకెళ్లి తన పీట మీద కూర్చోబెట్టారు. నా పేరు అడగలేదు. ‘ఎవరి పిల్లవమ్మా?’ అని అడిగారు. తాత పేరు చెప్పాను. ఊరి పేరు చెప్పాను. ఆయన కొంచెం బెల్లం ముక్క నా చేతిలో పెట్టి, పనికుర్రాడితో అన్న మాట ఈనాటికీ నా చెవుల్లో ఉంది. ‘ఆ ఊరివాళ్లు గుడ్డలు కొనేది మూలకొట్లోనే. వెళ్లి అక్కడ చెప్పు, పిల్ల బిందెల దగ్గర ఉందని.’ పావుగంటలో అమ్మ వచ్చింది. నేను బిందెల మధ్య కూర్చుని, ఒక్కో బిందెలో నా ముఖం ఒక్కోలా కనిపిస్తుంటే చూసుకుంటున్నాను. అమ్మ నన్ను కొట్టలేదు. ఆ పెద్దాయనకు దణ్ణం పెట్టింది. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరి పెళ్లికైనా బిందె అక్కడే కొన్నారు.

సోంపేటకూ సముద్రానికీ నడుమ బీల ఉంది. నీళ్లు నిలిచే పల్లపు నేల. చలికాలంలో తామరాకుల మధ్య కొంగలు, చేపల బుట్టలతో మోకాలి లోతున మనుషులు. ఎండ కాసినా బీల పక్క పచ్చిక ఎండదని పశువులను అటు తోలేవారు. ఆ బీలలో విద్యుత్ కేంద్రం వద్దని ఆ ఊళ్లవాళ్లు నిలబడినప్పుడు, 2010 జూలై 14న జరిగిన కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆ రోజున టీవీ ముందు కూర్చుని నేను ఏడ్చాను. ఎవరికీ పట్టని చిత్తడినేల అనుకున్నవాళ్లకు అది మా అన్నపు గిన్నె అని తెలియదు. బారువ గురించీ రాయాలని ఉంది. అక్కడి దీపస్తంభం, మహేంద్రతనయ సముద్రంలో కలిసేచోటు, తెల్లవారుజామున ఇసుక మీద తాబేళ్లు గుడ్లు పెట్టి వెళ్లిన జాడలు... మొదలుపెడితే మీ పేజీ చాలదు.

ఇక మీరు రాసిన సంగతికి వస్తాను. నేను జబ్బును దాచమని అడగడం లేదు. మా ఇంట్లోనూ ఉంది. మా పెదనాన్న కొబ్బరిచెట్టు ఎక్కితే కింద నిలబడ్డవాళ్లకు మెడ నొప్పి పుట్టేది కానీ ఆయనకు అలుపు వచ్చేది కాదు. చక్కెర జబ్బు లేదు, రక్తపోటు లేదు, సారా ముట్టలేదు. యాభై ఎనిమిదో ఏట కాళ్లు వాచాయి. కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష ‘క్రియాటినిన్’. మా ఊళ్లో చదువు రానివాళ్లకు కూడా ఆ మాట వచ్చు, అంకె ఎంత ఉంటే ఏమిటో కూడా తెలుసు. పెదనాన్న అంకె విని ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. డయాలిసిస్ కోసం వారానికి రెండుసార్లు విశాఖపట్నం వచ్చేవాడు. మా ఇంట్లోనే దిగేవాడు. రోజుకు ఇన్ని నీళ్లే అని వైద్యులు కొలత పెట్టారు. కొబ్బరినీళ్లు అసలే తాగకూడదన్నారు. అయినా వచ్చిన ప్రతిసారీ సంచిలో నాలుగు బొండాలు తెచ్చేవాడు. తనే కత్తితో చెక్కి, నీళ్లు ఒక్క బొట్టు చిందకుండా మూత లేపి, నా పిల్లల చేతికి ఇచ్చేవాడు. వాళ్లు తాగుతున్నంతసేపూ వాళ్ల గొంతుకలవైపే చూసేవాడు. చివరికి ‘ఏ చెట్టువో చెప్పు?’ అని అడిగేవాడు. పిల్లలు నోటికొచ్చింది చెబితే నవ్వేవాడు. ఆరు వందల కొబ్బరిచెట్లను పెంచిన మనిషి ఆ ఆఖరి రెండేళ్లలో ఒక్క గుక్క కొబ్బరినీళ్లు తాగకుండా పోయాడు.

కారణం ఇదీ అని ఈనాటికీ ఎవరూ తేల్చలేదు. నీళ్లన్నారు, మందులన్నారు, ఎండలో పని అన్నారు. ఆ బావి నీళ్లే నేనూ తాగాను. ఇంటికి ఎవరు వచ్చినా ముందు బెల్లం ముక్క, చెంబెడు ఆ నీళ్లు ఇచ్చేవాళ్లం. మా నీళ్లు తియ్యన అని పక్క ఊళ్లవాళ్లు కూడా ఒప్పుకునేవారు. ఇప్పుడు వంశధార నీళ్లను హిరమండలం నుంచి గొట్టాల్లో తెచ్చారు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. వైజాగ్ దాకా పరుగు పెట్టాల్సిన అవసరం తగ్గింది. పెదనాన్న ఉన్నప్పుడు ఇవి వచ్చి ఉంటే అని ఇంట్లో అందరం అనుకున్నాం.

తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున మా మీద పడింది. రెండు రోజుల తర్వాత గానీ అన్నయ్య ఫోను కలవలేదు. ‘ఎలా ఉన్నారు?’ అంటే ‘మేము బాగున్నాం, చెట్లు లేవు’ అన్నాడు. కొబ్బరి కాపుకు రావాలంటే ఆరేడేళ్లు. పనసకు ఇంకా ఎక్కువ. అరవై దాటిన మనిషి గోతులు తవ్వి మొక్కలు పాతాడు. బావి పనస వేళ్లతో సహా లేచిపోయింది, తేనె పనస నడిమికి చీలిపోయింది. పెద్దత్త చెట్టు కొమ్మలు పోగొట్టుకుని మొండిగా నిలబడింది. మూడో ఏట మాను మొదలు దగ్గరే కాసింది.

నాలుగేళ్ల కిందట అన్నయ్య చిన్నకూతురికి ఒక సంబంధం వచ్చింది. పిల్ల బీటెక్ చదివింది, హైదరాబాదులో ఉద్యోగం. ఫొటో నచ్చింది, జాతకాలు కలిశాయి. కన్నవారి ఊరు ఎక్కడని అడిగారు, చెప్పాం. ఆ తర్వాత ఫోను రాలేదు. మధ్యవర్తిని అడిగితే నసిగి నసిగి ‘ఉద్దానం పిల్ల కదండీ, వాళ్లు భయపడుతున్నారు’ అన్నాడు. ఆ రాత్రి పిల్ల నాతో ఫోనులో, ‘అత్తా, ఇకమీదట ఊరు సోంపేట అని చెబుతాను, ఉద్దానం అనను’ అంది. ఆ మాట నాకు సంబంధం తప్పిపోయిన దానికంటే ఎక్కువ గుచ్చుకుంది. చిన్నప్పుడు బజారులో తప్పిపోతే ఊరి పేరే నన్ను ఇంటికి చేర్చింది. ఇప్పుడు నా మేనకోడలు ఆ పేరు దాచుకోవాల్సి వస్తోంది. అందులో పత్రికల బాధ్యత ఏమీ లేదని నేను అనలేను. ఇరవై ఏళ్లుగా మా పేరు పక్కన మీరు అచ్చువేసిన మాటలు జబ్బు, మరణం, డయాలిసిస్. ఆ మూడూ నిజమే. వాటితోపాటు ఉన్నవి కూడా నిజమే.

అందుకని నా మనవి ఇది. జబ్బు గురించి రాయడం మానకండి, రాస్తేనే మందులు వస్తాయి, నీళ్లు వస్తాయి. అదే చేత్తో ఆ గుమ్మం ముందున్న చెట్టు గురించి కూడా రాయండి. జీడిపిక్కకు ఈ ఏడు రైతుకు ఏమి గిట్టిందో రాయండి. తిత్లీ తర్వాత ఎవరు ఎన్ని మొక్కలు నాటారో, ఎన్ని బతికాయో వెళ్లి చూడండి. ప్రతి ఊళ్లోనూ చెట్ల పేర్లు తెలిసిన ఎనభై ఏళ్ల వాళ్లు ఒకరిద్దరే మిగిలారు, వాళ్లు పోకముందే ఆ పేర్లు రాసిపెట్టండి. ఆ ఫొటోలోని పెద్దావిడను మళ్లీ కలిస్తే, కాగితాల గురించి అడిగాక, వెనకనున్న ఆ పనసకు పేరుందా అని ఒక్కమాట అడగండి. తప్పకుండా ఉంటుంది.

మీ విలేకరిని మే నెలలో ఒకసారి మా ఊరు పంపండి. మా చిరునామా విడిగా జతచేశాను, అచ్చువేయవద్దు. అన్నయ్య పెద్దత్త కాయ కోస్తాడు. నాయనమ్మలాగే మోచేతుల దాకా నూనె రాసుకుంటాడు, గాలి ఎటు ఉందో ఇప్పటికీ చూస్తాడు. వచ్చినవారికి ముందు బెల్లం ముక్క ఇస్తారు, చెంబుతో కుళాయి నీళ్లు ఇస్తారు. పెరట్లో బావి ఉంది కదా అని మాత్రం అడగవద్దని చెప్పండి. దాని మీద సిమెంటు పలక వేయించి, ఆ పలక మీద తులసికుండీ పెట్టింది మా వదిన.

ఇట్లు,
ఉద్దానం ఆడపడుచు,
విశాఖపట్నం